సుదెక్ కిటికీ

ఆరేళ్ల కిందట ఈఎంఐల మీద ఒక కెమెరా కొన్నాను. అప్పట్నించీ తీసిన ఫోటోలు ఒక హార్డ్‌డిస్క్ నిండా ఉన్నాయి. గండికోట లోయ, హంపిలో బండల మీద దిగే పొద్దు, కాశీ మెట్ల మీద సాధువులు, లాడ్‌బజార్‌లో గాజుల మెరుపు. ఆ ఊళ్లకి వెళ్లొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఉండేవే. పోయినేడు వానాకాలంలో నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రాత్రి, ఎందుకో ఆయన చెయ్యి బాగున్నప్పటి ఫోటో ఒకటి చూడాలనిపించి డిస్కంతా వెతికాను. నాన్న ఉన్నవి నాలుగు దొరికాయి. మూడింట్లో నా బ్యాగు పట్టుకుని ఫ్రేము అంచున నిలబడి ఉన్నాడు. నాలుగోది మసక.

నాన్న ముప్ఫై ఒక్కేళ్లు ఆర్టీసీలో కండక్టరు. మెషిన్లు రాకముందు టికెట్ల కట్టలు ఎడమచేతిలో, పంచి కుడిచేతిలో. ఆ చేత్తోనే చిల్లర లెక్క, ఆ చేత్తోనే బస్సు రేకు మీద చరిచి రైట్ రైట్. ఆ చెయ్యి ఏమేం చేసేదో నాకు బాగా తెలుసు. ఎలా ఉండేదో చూపించమంటే మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

యోసెఫ్ సుదెక్ పేరు అంతకు చాలా ముందే చూశాను. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద అట్ట ఊడిన పాత ఫోటో పత్రిక ఒకటి కొన్నాను. అందులో ఒక పేజీలో చెమ్మపట్టిన కిటికీ అద్దం, దాని వెనక వంకర తిరిగిన చెట్టు. అంతే. చెట్టు కూడా సరిగ్గా కనబడదు, నీటిబొట్లు అడ్డం. ఇందులో ఏముందిరా అనుకుని పేజీ తిప్పేశాను. కింద అచ్చేసిన రెండు లైన్లలో ఒక్క ముక్క గుర్తుండిపోయింది. ఈ ఫోటోగ్రాఫరుకి కుడిచెయ్యి లేదు. నాన్న ఇంటికొచ్చిన వారానికి ఆ పత్రిక మళ్లీ బయటికి తీశాను.

*

సుదెక్ 1896లో బొహీమియాలోని కొలీన్ అనే ఊళ్లో పుట్టాడు. ఊరు చెక్‌లది, రాజ్యం ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తిది. తండ్రి ఇళ్లకి రంగులు వేసేవాడు. పిల్లవాడికి ఊహ తెలియకముందే పోయాడు. పెద్దయ్యాక ప్రాగ్‌లో పుస్తకాలు బైండు చేసే పనికి పెట్టారు. కెమెరా సరదా అప్పటికే అంటుకుంది. 1915లో సైన్యంలోకి వెళ్లాల్సి వచ్చింది, కెమెరాని కూడా వెంట తీసుకుపోయాడు. ఇటలీ యుద్ధరంగంలో కుడిచేతికి దెబ్బ తగిలింది. చివరికి భుజం దగ్గరికి తీసేశారు. అప్పటికి ఇరవై దాటీ దాటని వయసు.

బైండింగు రెండు చేతుల పని. కాగితం మడత పెట్టాలి, కుట్టాలి, బంక రాయాలి, బిగించాలి. ఆ బతుకుతెరువు అక్కడితో పోయింది. అతను ఆసుపత్రుల్లో ఉండగానే, అతన్ని యుద్ధానికి పంపిన సామ్రాజ్యం కూడా పోయింది. 1918లో చెకొస్లొవాకియా అనే కొత్త దేశం వచ్చింది. ఏ రాజ్యం కోసం చెయ్యి పోగొట్టుకున్నాడో ఆ రాజ్యం పటంలో లేదు. మిగిలింది అంగవైకల్యం పింఛను. ఆ పింఛను ఆధారం చూసుకునే 1922లో ప్రాగ్‌లోని ప్రభుత్వ గ్రాఫిక్ కళల స్కూల్లో ఫోటోగ్రఫీ చదవడానికి చేరాడు.

అతని తొలి ముఖ్యమైన బొమ్మలు 1922-27 మధ్య ప్రాగ్‌లోని ఇన్వాలిదోవ్నాలో తీసినవి. అది యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల కోసం 18వ శతాబ్దంలో కట్టిన పెద్ద భవనం. కాళ్లూ చేతులూ పోయినవాళ్లు, చూపు పోయినవాళ్లు అక్కడ రోజులు వెళ్లదీస్తుండేవాళ్లు. సుదెక్ బయటినుంచి వచ్చి చూసిన మనిషి కాదు, వాళ్లలో ఒకడు. అయినా ఆ ఫోటోలు చాలావాటిలో గాయాలు వెతికితే దొరకవు. పొగలోంచి వాలుగా పడే ఎండచార, బెంచీ మీద ఎవరివో వీపులు, ఎవరో ఒకరి తల వెనకభాగం. నిజం చెప్పాలంటే అవి నాకు కాస్త ఎక్కువ అందంగా అనిపిస్తాయి. ఆ రోజుల్లో ఫోటోని చిత్రలేఖనంలా మెత్తగా, మసకగా చేసే మోజు ఉండేది, ఆ ఛాయలు వీటిమీదా ఉన్నాయి. కానీ ఒక మర్యాద కూడా ఉంది. తోటివాడి మొండిచేతిని అతను మన ముందు పెట్టలేదు. తన భుజాన్నే విషయంగా పెట్టుకుని తీసిన ఫోటో కూడా నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు.

1926లో ఒక సంగతి జరిగింది. చెక్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంలో అతనికి స్నేహితులుండేవాళ్లు. వాళ్లు కచేరీలకి ఇటలీ వెళుతూ రమ్మంటే వెళ్లాడు. ఒక ఊళ్లో కచేరీ నడుస్తుండగా మధ్యలో లేచి చీకట్లో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. తెల్లారేసరికి మంచుకి తడిసిన పొలాల్లో తన చెయ్యి పోయిన చోటు కనుక్కున్నాడు. చాలా ఏళ్ల తర్వాత తన శిష్యురాలికి ఈ కథ చెబుతూ, చెయ్యి అక్కడ లేదు, దెబ్బ తగిలిన రోజు తనని చేర్చిన రైతు ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది అన్నాడట. చెయ్యి అక్కడ ఉండదని అతనికి తెలియదా? తెలుసు. అయినా వెళ్లి చూశాడు. రెండు నెలలు ఎవరికీ కనబడలేదు. తిరిగొచ్చాక మళ్లీ అలాంటి ప్రయాణమేదీ పెట్టుకోలేదు.

ఫోటోగ్రాఫరు అంటే దేశాలు తిరిగేవాడు అని మనకొక లెక్క. సుదెక్ యాభై ఏళ్లు ప్రాగ్‌లోనూ, చుట్టుపక్కల అడవుల్లోనూ, మహా అయితే స్వరకర్త యానాచెక్ పుట్టిన హుక్వాల్దీ పల్లెలోనూ తిరిగాడు. అతని లోకం దాదాపు అంతే.

1927లో మాలా స్త్రానా పేటలో, ఊయెజ్ద్ అనే వీధిలో, వాటాల ఇళ్ల వెనక పెరట్లో ఉన్న ఒక చెక్క షెడ్డులో స్టూడియో పెట్టాడు. మరుసటేడు సెయింట్ వైటస్ కెథీడ్రల్ మీద 15 అసలు ప్రింట్లతో ఒక సంపుటం తెచ్చాడు. వందల ఏళ్లుగా సాగుతున్న ఆ గుడి కట్టడం అప్పుడే ముగింపుకొస్తోంది. గోపురాల కింద పడి ఉన్న తోపుడుబళ్లూ, తాళ్లూ, ఇసుకకుప్పలూ అతని కంటికి విగ్రహాలంత ముఖ్యంగా కనబడ్డాయి. 1930ల్లో ప్రచురణ సంస్థలకీ, గాజు సామానుకీ ప్రకటనల ఫోటోలు తీస్తూ బాగానే బతికాడు. ఆ దశాబ్దం గురించి ఇంతకన్నా చెప్పాలనిపించదు. అతను మనకి కావలసిన సుదెక్ అయింది ఆ తర్వాత, ఇంట్లో కూచున్నాక.

*

1939 మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చింది. వీధిలో స్టాండు వేసి పెద్ద కెమెరా నిలబెట్టడం అనుమానాలకి తావిచ్చే పని అయిపోయింది. ప్రకటనల పనులూ పలచబడ్డాయి. సుదెక్ షెడ్డులోకి ముడుచుకున్నాడు. 1940 నుంచి తన స్టూడియో కిటికీని ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. 1954 దాకా తీస్తూనే ఉన్నాడు. పద్నాలుగేళ్లు, ఒకే కిటికీ.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. ఫ్రాన్సులోని షార్త్ర్ కెథీడ్రల్ విగ్రహం ఒకదాన్ని 1900 ప్రాంతంలో తీసిన ఫోటో అతని కంటబడింది. 30×40 సెంటీమీటర్ల కాంటాక్ట్ ప్రింట్. ఫోన్లో ఫోటోలు తీసే మనకి ఈ ముక్క కాస్త విడమరచాలి. మామూలుగా నెగెటివ్ చిన్నది. ఎన్‌లార్జర్ అనే యంత్రంలో పెట్టి కాగితం మీద పెద్దది చేస్తారు. కాంటాక్ట్ ప్రింట్‌లో యంత్రం ఉండదు. నెగెటివ్‌ని నేరుగా కాగితం మీద ఆనించి వెలుతురు చూపిస్తారు. నెగెటివ్ ఎంతుంటే బొమ్మ అంతే. మధ్యలో ఇంకో కటకం లేదు కాబట్టి రాయి గరుకు రాయిగా, నూలు నూలుగా వస్తాయి. నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న బూడిదరంగులన్నీ నిలుస్తాయి. ఆ ఒక్క ప్రింటు చూశాక సుదెక్ ఎన్‌లార్జ్ చేయడం మానేశాడు, చనిపోయేదాకా మళ్లీ చేయలేదు. దాని అర్థమేమిటంటే, పెద్ద బొమ్మ కావాలంటే అంత పెద్ద కెమెరా మొయ్యాలి. ఒంటిచేత్తో. రేకులు లాగడానికి పళ్లు, బరువు ఆపడానికి మోకాళ్లు. లైకా లాంటి గుప్పెట్లో పట్టే కెమెరాలు వచ్చి పదిహేనేళ్లయిన కాలంలో ఒక ఒంటిచేతి మనిషి చేసిన ఎంపిక ఇది. నాకు ఇది మొండితనంగానే కనిపిస్తుంది. మెచ్చుకోకుండా ఉండలేను కూడా.

ఇక కిటికీ. బయట చిన్న పెరడు, అందులో వంకర కొమ్మల చెట్టు, దాని వెనక ఇళ్ల గోడలు. లోపల కిటికీ గట్టు మీద ఆ పూటకి ఏది ఉంటే అది. గ్లాసులో నీళ్లు, గ్లాసులో ఒక రోజాపువ్వు, ఒక గుడ్డు, రొట్టెముక్క, ఆల్చిప్ప. అద్దం మీద ఒకనాడు మంచు పేరుకుంటుంది, ఒకనాడు వానచుక్కలు జారుతాయి, ఒకనాడు లోపలి ఆవిరి. చెట్టు ఒకనాడు పూస్తుంది, ఒకనాడు ఎముకలు బయటపెట్టుకుని నిలబడుతుంది. ఎదురింట్లో దీపం ఒకటి. ఒకటీ రెండూ చూస్తే ఏమీ అనిపించదు, పేవ్‌మెంటు మీద నాకు అనిపించనట్టే. పాతిక ముప్ఫై వరసగా చూస్తే ఆ మనిషి రోజులు తెలుస్తాయి.

1942 మే 27న ఇదే ప్రాగ్‌లో నాజీ అధికారి హైడ్రిఖ్ మీద చెకొస్లొవాక్ పారాట్రూపర్లు దాడి చేశారు. వారం తర్వాత అతను చచ్చాడు. దానికి ప్రతీకారంగా జూన్ 10న లిదిత్సె అనే పల్లెలో మగవాళ్లని నిలబెట్టి కాల్చేశారు. ఆడవాళ్లని క్యాంపులకి పంపారు. ఊరిని నేలమట్టం చేశారు. సుదెక్ స్నేహితుడు, చిత్రకారుడు ఎమిల్ ఫిల్లా యుద్ధమంతా బుఖెన్‌వాల్డ్ క్యాంపులో ఉన్నాడు. ఆ ఏళ్లలోనే ఇక్కడ ఒకాయన అద్దం మీద నీటిబొట్లు తీస్తున్నాడు.

ఈ బొమ్మలు చూపిస్తే నా స్నేహితుడొకడు మన సాహిత్య చర్చల్లో అరిగిపోయిన మాటే వాడాడు. పలాయనవాదం. ఆ మాట నేను కొట్టిపారేయలేకపోయాను. సుదెక్ ప్రతిఘటన వీరుడు కాడు, ఆ ఫోటోల్లో స్వస్తిక్ గుర్తు లేదు, శవం లేదు. 1948లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాకా అదే కిటికీ, అదే గ్లాసు. కొత్త ప్రభుత్వానికి కావలసిన ట్రాక్టర్ల ఫోటోలు తీయలేదన్నది ఎంత నిజమో, దాన్ని ఎదిరించే ఫోటోలూ తీయలేదన్నది అంతే నిజం. 1961లో ప్రభుత్వమిచ్చిన కళాకారుడి బిరుదు కూడా పుచ్చుకున్నాడు.

కానీ ఆ చెమ్మ సంగతి ఆలోచించండి. బయట చలి ఉండి లోపల వెచ్చగా ఉంటేనే అద్దానికి ఆవిరి పడుతుంది. లోపల ఎవరో ఊపిరి తీస్తుండాలి, పొయ్యి మీద నీళ్లో చారో కాగుతుండాలి. ఆ అద్దం మీద కనబడేది ప్రకృతి దృశ్యం కాదు, ఆ గదిలో ఒక మనిషి ఇంకా బతికి ఉన్నాడన్న ఆనవాలు. బయటి చలి లేకపోతే ఆ బొమ్మ రాదు. ఇంతకన్నా నేను వాదించను. లిదిత్సె ముందు ఈ వాదన నిలబడుతుందా అంటే, తెలియదు. నా స్నేహితుడు ఒప్పుకోలేదు.

*

యుద్ధం ముగిశాక స్టూడియోకి సోన్యా బులాతీ అనే అమ్మాయి వచ్చింది. ప్రాగ్ యూదు కుటుంబం. 1941లో ఆమెని వూచ్ ఘెట్టోకి తరలించారు, అక్కణ్ణించి ఆష్‌విట్జ్. చివర్లో మృత్యుయాత్రలో నడిపిస్తుంటే తప్పించుకుంది. ప్రాగ్ చేరేసరికి ఇంటివాళ్లెవరూ మిగల్లేదు. సుదెక్ ఆమెని సహాయకురాలిగా పెట్టుకున్నాడు. కెమెరా మోయడం, రసాయనాలు కలపడం, అతని చిందరవందర మధ్య కావలసింది వెతకడం ఆమె పని. ఆ షెడ్డులో దేనికీ చోటు లేదట. కాగితాలూ, ప్రింట్లూ, గ్రామఫోను రికార్డులూ అన్నీ గుట్టలు. తర్వాత్తర్వాత ఆ గుట్టల్నే ఫోటోలు తీసి వాటికి చిక్కుదారులు అని పేరు పెట్టాడు. మా ఇంట్లో మా అమ్మ నా గదికి పెట్టిన పేరు అంత మర్యాదగా లేదు.

బులాతీ 1947లో న్యూయార్క్ వెళ్లి ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకుంది. 1978లో సుదెక్ మీద ఒక పుస్తకం తెచ్చింది. అందులో ఆమె చెప్పిన ఒక సంగతి దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇద్దరూ ఒకరోజు పాత కట్టడంలో, కెథీడ్రల్ కింది చీకటి మండపాల్లో, కెమెరా నిలబెట్టి నేల మీద కూచుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి సుదెక్ మెరుపులా లేచాడు. చీకట్లోకి ఒక ఎండచార వచ్చింది. ఇద్దరూ గుడ్డలు పట్టుకుని విసురుతూ ఎన్నాళ్లదో దుమ్మంతా లేపారు. వెలుతురు గాలిలో కనబడదు కదా, దుమ్ము మీద పడితేనే కనబడేది. క్యాంపుల నుంచి బతికొచ్చిన ఇరవై రెండేళ్ల పిల్ల, ఒంటిచేతి నడివయసు మనిషి, దుమ్ము లేపుతూ గంతులు. సుదెక్ తీసిన ఫోటోలకన్నా ఎవరూ తీయని ఈ ఫోటో నాకు ఎక్కువ గుర్తుంటుంది.

మంగళవారాలు స్నేహితులొచ్చేవాళ్లు, రికార్డులు పెట్టి సంగీతం వినేవాళ్లు. చెల్లెలు బొజెనా కూడా ఫోటో పని తెలిసినదే. స్టూడియోలో ఆమె చాకిరీ చాలా ఉంది, పుస్తకాల్లో ఆమెకి దక్కిన పేరాలు తక్కువ. 1959లో సుదెక్ కోట కింద ఊవోజ్ వీధిలోని ఇంకో ఇంటికి మారాడు. ఊయెజ్ద్ షెడ్డులో డార్క్‌రూమూ చెల్లెలూ ఉండిపోయారు. అదే సంవత్సరం, 19వ శతాబ్దపు చివరినాటి ఒక పాత పనోరమా కెమెరాతో తీసిన ప్రాగ్ బొమ్మల పుస్తకం వచ్చింది. ఊరంతా తిరిగి తీశాడు, కానీ మనిషి కనబడేవి తక్కువ. స్నేహితుడు, వాస్తుశిల్పి రోత్‌మాయర్ ఇంటి తోటలో ఖాళీ కుర్చీల్ని తీసీ తీసీ వదిలాడు. అతనికి దగ్గరంటే మనుషుల మొహాలు కాదేమో, మనుషులు వాడి వదిలిన వస్తువులేమో అనిపిస్తుంది.

ఇలాంటివాడు ఇంకొకడున్నాడు, ఆంద్రె కెర్తెజ్. 1977లో భార్య ఎలిజబెత్ పోయాక, న్యూయార్క్‌లో తన ఫ్లాటు కిటికీ గట్టు మీద గాజు బొమ్మల్ని పెట్టుకుని పోలరాయిడ్ కెమెరాతో తీశాడు. ఒక గాజు ప్రతిమ మెడవంపు అచ్చం ఆమెలాగే కనిపించిందట. ఎనభై దాటిన వయసులో, లోకమంతా మెచ్చిన మనిషి, గట్టు మీద గాజుముక్కతో. ఆ బొమ్మలు 1981లో పుస్తకంగా వచ్చాయి. కానీ కెర్తెజ్ పోయిన మనిషి కోసం తీశాడు. సుదెక్ ఉన్న రోజు కోసం తీశాడు. ఇద్దరిలో ఎవరి పని కష్టమో నాకు ఈ పది నెలల్లో అర్థమైంది.

సుదెక్ 1976 సెప్టెంబరు 15న పోయాడు. 1985లో ఊయెజ్ద్ షెడ్డు తగలబడింది. 2000లో అదే చోట అదే కొలతలతో మళ్లీ కట్టి ఫోటోల ప్రదర్శనలకి తెరిచారు. కిటికీ కూడా పెట్టారు.

*

మా ఇంట్లో నాన్న రోజంతా బాల్కనీ గ్రిల్ పక్కన కుర్చీలో ఉంటాడు. ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు గోడ, పైపుల వెంట పారిన నాచు, రెండో అంతస్తులో ఆరేసిన దుప్పట్లు. మెయిన్ రోడ్డు మీద బస్సు గేరు మారిస్తే ఆ చప్పుడుకి తలతిప్పుతాడు. మొదట్లో కెమెరా పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను, నొక్కలేకపోయాను. ఒళ్లో పడి ఉన్న ఆ చెయ్యి తప్ప ఫ్రేములో ఇంకేమీ కనబడలేదు. నేను తీయబోతున్నది నాన్నని కాదు, జబ్బుని. ఇన్వాలిదోవ్నాలో వీపులు ఎందుకు తీశాడో అప్పుడు కొంత తెలిసింది.

తర్వాత గోడ తీశాను. దుప్పట్లు తీశాను. ఆయన మందు వేసుకుని పెట్టిన స్టీలు గ్లాసు తీశాను. పొద్దున ఏడున్నరకి గ్రిల్ నీడ ఆ గ్లాసు మీదుగా వెళ్లి చాపని దాటుతుందని, పావుగంట మించి ఉండదని, ఈ ఇంట్లో పదకొండేళ్లుండీ ఇప్పుడే తెలిసింది.

ఈమధ్య నాన్న ఎడమచేత్తో సంతకం నేర్చుకుంటున్నాడు. బ్యాంకులో వేలిముద్ర వేస్తే చాలన్నారు, ఆయనకి నచ్చలేదు. నా పాత కాలేజీ నోట్సు వెనక పేజీల్లో రోజూ ఇరవై సార్లు రాస్తాడు. మొదటివి గీతలు. కిందకొచ్చేసరికి అక్షరాల్లాంటివి. పోయిన గురువారం పొద్దున ఆ పేజీ కుర్చీ పక్కన నేల మీద ఉంది, గ్రిల్ నీడ సరిగ్గా దాని మీదకొచ్చింది. నేను వంగి ఫోకస్ చేస్తుంటే నాన్న కాలితో నోట్సు పక్కకి జరిపాడు.

"అది తియ్యకురా, సున్నా సరిగ్గా తిరగలేదు."

"బానే ఉంది నాన్నా."

"లేదు. ఇంకో వారం ఆగు. నేను చెప్తా, అప్పుడు తియ్యి."